ఆరు గాట్ల చిన్న పట్టీ

"మాస్టారూ, గిటారు నట్ ఎక్కడ దొరుకుతుందండీ?"

కిందటి ఏడాది జనవరిలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు నన్నడిగిన ప్రశ్న ఇది. సైన్సు గదిలో సోనోమీటరుకు తీగ బిగిస్తున్న నేను తల ఎత్తకుండానే, "సైకిలు కొట్టులో అడిగి చూడరా" అన్నాను.

"అడిగానండీ. ఏ సైజు బోల్టుకి అన్నాడు" అన్నాడు వాడు దిగులుగా.

అప్పుడు తల ఎత్తి చూశాను. వాడి భుజాన నల్లటి సంచి, సంచిలో ఎలక్ట్రిక్ గిటారు. బజారులో దొరికే వాటన్నిటిలోకీ చవక రకం. అదీ కొత్తది కాదు. రెండు వేసవి సెలవుల్లో మేనమామ కిరాణా కొట్టులో పొట్లాలు కట్టి కూడబెట్టిన డబ్బుతో ఎవరి దగ్గరో కొన్నాడట. ఆరు తీగల్లో అన్నిటికన్నా సన్నని తీగ పట్టు తప్పి పక్కకు జారిపోయి ఉంది. పట్నంలో వాయిద్యాల దుకాణానికి తీసుకెళితే అక్కడివాళ్లు దాన్ని చేత్తో కూడా పట్టుకోకుండా, "ఈ రకానికి రిపేరు దండగ బాబూ, కొత్తది కొనుక్కో" అన్నారట. స్కూలు వార్షికోత్సవం ఇంకా పన్నెండు రోజులుంది. కార్యక్రమాల పట్టికలో వాడి పేరు ఎక్కింది కూడా.

నాకు గిటారు వాయించడం రాదు. అంతవరకూ ఒక్కసారైనా పట్టుకుని ఎరగను. కాని నా బల్లమీద సోనోమీటరు ఉంది. దాన్నీ, దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ అన్నదమ్ముల్లాగే కనిపించాయి! బిగించిన తీగ, రెండు ఆధారాలు, మధ్యలో కంపించే భాగం. తేడా ఏమిటంటే సోనోమీటరుకు ఒకటో రెండో తీగలు, గిటారుకు ఆరు. ఇంకేం కావాలి? "సంచి ఇక్కడ పెట్టు, చూద్దాం" అన్నాను.

ఆ పన్నెండు రోజుల్లో మేమిద్దరం ఏం నేర్చుకున్నామో, ఎక్కడ పొరపాటు పడ్డామో మీకూ చెబుతాను.

నట్ అంటే ఏది?

గిటారు నట్‌కు మరలు ఉండవు. అది బోల్టుకు బిగించే నట్ కాదు. గిటారు మెడ చివర, తీగలు బిగించే కీలకు కొంచెం ముందు, అడ్డంగా అతికించిన చిన్న పట్టీ ఇది. పొడవు సుమారు 42 మి.మీ. మందం మూడునుంచి ఆరు మి.మీ. దానిమీద ఆరు సన్నని గాట్లు ఉంటాయి. కీల దగ్గర నుంచి వచ్చిన ఒక్కొక్క తీగ ఒక్కొక్క గాటులో ఆని, మెట్లమీదుగా సాగి, రెండో చివర బ్రిడ్జి మీద ఆనుతుంది. వీణలో కూడా తీగలు బిరడల నుంచి మెట్ల మీదికి వచ్చేచోట ఇలాంటి అడ్డుపట్టీ ఒకటి ఉంటుంది, ఈసారి చూసినప్పుడు గమనించండి.

ఈ పట్టీకి మూడు పనులున్నాయి. తీగ ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించడం మొదటిది. తీగలు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించడం రెండోది. తీగ మెట్లకు ఎంత ఎత్తులో ఉండాలో నిర్ణయించడం మూడోది. మూడింటిలో ఏది తప్పినా గిటారు అపశ్రుతి పలుకుతుంది.

ఖరీదైన గిటార్లలో నట్‌ను ఎముకతోనో, గట్టి కృత్రిమ పదార్థంతోనో, ఇత్తడితోనో చేస్తారు. చవక గిటార్లలో చాలావాటికి అది ప్లాస్టిక్ ముక్క. ఖర్చు కలిసిరావడానికి లోపల డొల్లగా పోతపోస్తారు. మన కుర్రవాడి గిటారుకు ఉన్నది అలాంటిదే. మొదటి తీగ గాటుకు బయటి అంచు పెచ్చు ఊడిపోయింది. తీగకు గట్టు లేకపోతే జారిపోక ఏం చేస్తుంది?

విద్యుత్తు ఎక్కడ?

"ఎలక్ట్రిక్ గిటారు కదా, లోపం వైర్లలో ఉండకూడదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. విద్యుత్తు ఏ పని చేస్తుందో చూద్దాం.

తీగల కింద పికప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లు. గిటారు తీగలు ఉక్కువి కాబట్టి అయస్కాంతం ప్రభావంతో అవి కూడా కొంచెం అయస్కాంతత్వం పొందుతాయి. తీగ కంపించినప్పుడు రాగిచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారుతుంది. అభివాహం మారితే చుట్టలో విద్యుచ్చాలక బలం పుడుతుంది. ఇది మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే. సరిగ్గా నూరేళ్ల తరవాత, 1931లో, అమెరికాలో జార్జ్ బోషాం అనే వాద్యకారుడు ఈ సూత్రంతో పనిచేసే గిటారును రూపొందించాడు. గుండ్రటి పళ్లేనికి పొడుగాటి పిడి పెట్టినట్టుండే దాన్ని జనం 'వేపుడు పెనం' అని పిలిచారు. 1954లో ఫెండర్ సంస్థ తెచ్చిన స్ట్రాటోకాస్టర్ ఆకారాన్నే ఈనాటి చవక గిటార్లలో చాలా భాగం అనుకరిస్తాయి.

అంటే విద్యుత్తు తీగ కంపనాన్ని పట్టుకుని పెద్దది చేస్తుందే తప్ప, తీగ ఏ స్వరం పలకాలో అది చెప్పదు. తీగ తప్పు పలికితే యాంప్లిఫయరు ఆ తప్పునే గట్టిగా వినిపిస్తుంది! స్వరాన్ని నిర్ణయించేది పూర్తిగా యాంత్రిక శాస్త్రమే.

తీగ పాడే సూత్రం

ఫ్రాన్సు దేశపు సన్యాసి మారిన్ మెర్సెన్ 1636లో ప్రకటించిన నియమాలు మీకు తెలిసే ఉంటాయి. తీగ పౌనఃపున్యం దాని పొడవుకు విలోమానుపాతంలో ఉంటుంది. తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక మీటరు తీగ ఎంత బరువుందో ఆ విలువ వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది.

స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్లలో నట్ నుంచి బ్రిడ్జి దాకా ఉన్న దూరం 648 మి.మీ. ఆరు తీగలకూ పొడవు దాదాపు అదే. అయినా లావు తీగ 82.4 హెర్ట్జ్ పలుకుతుంది. తరవాతివి వరసగా 110, 146.8, 196, 246.9 పలికితే అన్నిటికన్నా సన్ననిది 329.6 హెర్ట్జ్ పలుకుతుంది. అంటే సన్నతీగ లావుతీగ కన్నా నాలుగు రెట్లు ఎక్కువ. పొడవు ఒకటే కాబట్టి ఈ తేడా అంతా దాదాపుగా తీగల బరువుల తేడా వల్ల వచ్చిందే.

మా స్కూలు స్క్రూగేజితో వాడి చేతనే తీగల మందాలు కొలిపించాను. 0.25, 0.33, 0.43, 0.66, 0.91, 1.17 మి.మీ. వచ్చాయి. స్క్రూగేజిని పరీక్షల కోసమే తప్ప ఇంకెందుకూ వాడరనుకున్న కుర్రవాడు ఆశ్చర్యపోయాడు!

ఈ ఆరు తీగలూ కలిసి మెడను ఎంత బలంతో లాగుతాయో తెలుసా? సుమారు 46 కిలోల బరువంత బలంతో. దాదాపు ఒక సిమెంటు బస్తాను వేలాడదీసినట్టే! కాబట్టి తీగలు తెంపేటప్పుడూ, విప్పేటప్పుడూ జాగ్రత్తగా ఉండాలి. కీలు తిప్పి పూర్తిగా వదులు చేసిన తరవాతే తీగను ముట్టుకోవాలి. బిగువుగా ఉన్న తీగను కత్తిరిస్తే అది కొరడాలా ఎగిరి కంటికి తగలవచ్చు.

గెలీలియో తండ్రి లెక్క

గిటారు మెడమీద లోహపు మెట్లను ఎంతెంత దూరంలో పెట్టాలి? ఈ ప్రశ్నకు 1581లోనే ఒక సులువైన జవాబు చెప్పినవాడు విన్చెంజో గెలీలీ. గిటారుకు బంధువైన ల్యూట్ అనే వాద్యం వాయించేవాడు. మనకందరికీ తెలిసిన గెలీలియోకు స్వయానా తండ్రి. తీగ పొడవును 18 భాగాలు చేసి ఒక భాగం దగ్గర మొదటి మెట్టు పెట్టండి, మిగిలిన పొడవును మళ్లీ 18 భాగాలు చేసి రెండో మెట్టు పెట్టండి, ఇలాగే పొమ్మన్నాడు.

పన్నెండో మెట్టు దగ్గర తీగ పొడవు సరిగ్గా సగం కావాలి. అప్పుడే పౌనఃపున్యం రెట్టింపై పై స్థాయి షడ్జమం పలుకుతుంది. గెలీలీ లెక్కతో 648 మి.మీ. తీగకు పన్నెండు మెట్లు వేసి చూడండి. 324 మి.మీ. మిగలాల్సిన చోట 326 మి.మీ. పైచిలుకు మిగులుతుంది. అందుకే ఇప్పుడు 18 బదులు 17.817తో భాగిస్తారు. ఈ లెక్కన నట్ నుంచి మొదటి మెట్టుకు దూరం 36.4 మి.మీ.

వీణ మెట్లను మైనంలో నిలుపుతారు. నిపుణుడు చెవితో విని వాటిని సర్దుతాడు. గిటారు మెట్లు మాత్రం చెక్కలో దిగగొట్టి ఉంటాయి, కదలవు. లెక్క అంతా నట్ ముందు అంచు నుంచే మొదలవుతుంది. దూరాలు కొలిచే టేపుకు సున్నా గీత ఎలాంటిదో గిటారుకు నట్ అలాంటిది. సున్నా గీత చెరిగిపోతే టేపు ఎంత మంచిదైనా ఏం లాభం?

రోగ నిర్ణయం

వైద్యుడు ముందు నాడి చూస్తాడు, తరవాత మందిస్తాడు. మేమూ మూడు పరీక్షలు చేశాం. మీ ఇంట్లోనో, మీ స్నేహితుడి ఇంట్లోనో గిటారు ఉంటే మీరూ చేయవచ్చు.

మొదటి పరీక్ష: తీగను ఏ మెట్టు దగ్గరా నొక్కకుండా మీటండి. జరజరమని చప్పుడు వచ్చిందనుకోండి. ఇప్పుడు ఏదో ఒక మెట్టు దగ్గర నొక్కి మీటండి. చప్పుడు పోయిందా? అయితే లోపం నట్‌లోనే. ఎందుకంటే తీగను మెట్టుకు ఆనించి నొక్కగానే తీగ ఆ మెట్టు దగ్గర మొదలవుతుంది. నట్ ఆటలోంచి తప్పుకుంటుంది. ఒక్కొక్క అంశాన్నీ పక్కకు తప్పించి చూడటం శాస్త్ర పద్ధతుల్లో మొదటి పాఠం.

రెండో పరీక్ష: తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి పట్టుకుని, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య సందు చూడండి. పలచని కాగితం పట్టేంత సందు ఉంటే గాటు లోతు సరిగ్గా ఉన్నట్టు. సందు బాగా ఎక్కువ ఉంటే గాటు పైకి ఉన్నట్టు. అసలు సందే లేకపోతే గాటు మరీ లోతైపోయినట్టు.

మూడో పరీక్ష: కీ మెల్లగా తిప్పుతూ శ్రుతి చేయండి. కాసేపు శ్రుతి మారకుండా ఉండి, ఉన్నట్టుండి 'టిక్'మని ఎగిరిందా? తీగ గాటులో ఇరుక్కుంటోందన్నమాట.

మా రోగికి ఈ మూడు జబ్బులూ ఉన్నాయి! ఒకటో తీగకు గట్టు లేదు. మూడో తీగ ఇరుక్కుంటోంది. లావు తీగలు రెండూ నట్ దగ్గర మరీ ఎత్తులో ఉన్నాయి.

వెంట్రుకలో సగం

గాటు ఎత్తుగా ఉంటే వచ్చే నష్టమేమిటి? వేళ్లు నొప్పి పుట్టడం ఒకటి. అసలు నష్టం వేరే ఉంది. ఎత్తున ఉన్న తీగను మొదటి మెట్టుకు ఆనించాలంటే ఎక్కువ కిందికి నొక్కాలి. నొక్కితే తీగ సాగుతుంది. సాగితే తన్యత పెరుగుతుంది. స్వరం పైకి పోతుంది.

ఎంత సాగితే ఎంత తేడా వస్తుంది? మూడో తీగను తీసుకుందాం. మందం 0.43 మి.మీ., పౌనఃపున్యం 196 హెర్ట్జ్. మెర్సెన్ నియమం ప్రకారం లెక్క కడితే దాని తన్యత సుమారు ఏడున్నర కిలోల బరువుకు సమానం. ఉక్కు యంగ్ గుణకాన్ని బట్టి ఈ తన్యత రెండు శాతం పెరగాలంటే తీగ 0.03 మి.మీ. సాగితే చాలు. మన తల వెంట్రుక మందంలో ఇది సగం కూడా కాదు! తన్యత రెండు శాతం పెరిగితే పౌనఃపున్యం ఒక శాతం పెరుగుతుంది. ఒక మెట్టుకూ తరవాతి మెట్టుకూ మధ్య తేడా ఆరు శాతానికి కొంచెం తక్కువ. అంటే స్వరం దాదాపు ఆరో వంతు మెట్టు తప్పిపోయిందన్నమాట. సంగీతం రానివాడి చెవికి కూడా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది.

"నేను సరిగ్గా వాయించడం లేదేమో అనుకునేవాణ్ణి మాస్టారూ" అన్నాడు కుర్రవాడు. చూశారా! పరికరంలో ఉన్న తప్పును వాడు తన తప్పు అనుకుని నెలల తరబడి బాధపడ్డాడు.

పెన్సిలు వైద్యం

ముందు సులువైన జబ్బును పట్టుకున్నాం. ఇరుక్కుంటున్న తీగకు మందు మీ అందరి జేబుల్లోనూ ఉంది. అది పెన్సిలు!

నిలిచి ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న వస్తువును కదుపుతూ ఉండటానికి కావలసిన బలం కన్నా ఎక్కువ. స్థైతిక ఘర్షణ ఎక్కువ, జారుడు ఘర్షణ తక్కువ. అందుకే గాటులో ఉన్న తీగ మొదట మొరాయించి, తరవాత ఒక్కసారిగా జారుతుంది. 'టిక్' చప్పుడు అదే. పెన్సిలు ములుకులో గ్రాఫైటు ఉంటుంది. అందులో కార్బన్ పరమాణువులు పొరలు పొరలుగా ఉండి, ఒక పొర మీద మరో పొర సులువుగా జారుతుంది. మెత్తని పెన్సిలుతో గాటులో నాలుగుసార్లు గీసి, తీగ మళ్లీ బిగించాం. 'టిక్' చప్పుడు పోయింది. ఖర్చు సున్నా!

జిగురు, తినే సోడా

రెండో వైద్యం రసాయన శాస్త్రానిది. పెచ్చు ఊడిన చోట తినే సోడా, అంటే సోడియం బైకార్బొనేటు, చిటికెడు వేసి, దానిమీద క్షణంలో అతుక్కునే జిగురు ఒక చుక్క వేశాం. కొద్ది సెకన్లలో అది రాయిలా గట్టిపడింది.

ఈ జిగురు సయనోఎక్రిలేటు అనే పదార్థం. 1942లో అమెరికాలో హారీ కూవర్ బృందం తుపాకీ గురిచూసే భాగాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఇది తగిలింది. ప్రతిదానికీ అతుక్కుపోతోందని విసుగుపుట్టి పక్కన పెట్టేశారు! 1951లో మళ్లీ చూసినప్పుడు గాని ఆ అవలక్షణమే దాని గొప్ప గుణమని తోచలేదు. 1958లో బజారుకు వచ్చింది. దీని చిన్న అణువులు గాలిలోని తేమ తగిలితే చాలు, ఒకదానికొకటి గొలుసులా కలిసిపోయి పాలిమర్ అవుతాయి. సోడా క్షారగుణం కలది కాబట్టి ఈ చర్యను మరింత తొందర చేస్తుంది. చర్యలో వేడి కూడా పుడుతుంది.

ఇక్కడ మూడు హెచ్చరికలు. ఈ పని గాలి ఆడేచోట పెద్దవాళ్లు దగ్గరుండగా చేయాలి. ఆవిరి కళ్లకు, ముక్కుకు మంట పుట్టిస్తుంది. ఒలికిన జిగురును దూదితోగాని నూలుగుడ్డతోగాని తుడవకూడదు. నూలుతో కలిస్తే చర్య వేగంగా జరిగి చెయ్యి కాలవచ్చు.

కట్టిన గట్టులో గాటు గీసి తీగ బిగించాం. ఒకరోజు నిలిచింది. మర్నాడు ఉదయం తీగ ఆ ముద్దతో సహా ఊడి వచ్చింది! ఎందుకు? గాటు అడుగున లోతు పూడ్చడానికి ఈ మందు బాగా పనిచేస్తుంది. అక్కడ తీగ కిందికి నొక్కుతుంది, చుట్టూ గోడల ఆసరా ఉంటుంది. అంచున గోడే లేనిచోట కట్టిన ముద్దకు ఆసరా ఏది? జబ్బుకు తగని మందు వేశామన్నమాట. ఇక కొత్త నట్ తప్పదు.

కొత్త నట్ తయారీ

పట్నం దుకాణంలో విడిగా నట్ ఇవ్వమన్నారు. గాట్లు లేని ఎముక పట్టీ ఒకటి తపాలాలో తెప్పించాడు కుర్రవాడు. తీగల కట్ట కన్నా తక్కువ ధరే. అది వచ్చేసరికి వార్షికోత్సవానికి ఐదు రోజులే మిగిలింది.

ఎముకే ఎందుకు? కాల్షియం ఫాస్ఫేటు తరహా ఖనిజం, కొల్లాజెన్ అనే ప్రోటీను కలిసి అల్లుకున్న పదార్థం ఎముక. ఖనిజం గట్టిదనాన్ని ఇస్తే, ప్రోటీను పెళుసుదనాన్ని తగ్గిస్తుంది. నున్నగా మెరుగు పెడితే తీగ చక్కగా జారుతుంది. రుద్దేటప్పుడు వచ్చే పొడి పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకున్నాం.

పాత నట్ తీయడం మొదటి పని. తీగలు వదులు చేసి, నట్ చుట్టూ ఉన్న రంగుపూతను బ్లేడుతో సన్నగా కోశాం. లేకపోతే నట్‌తోపాటు రంగు కూడా పెచ్చులుగా లేచి వస్తుంది. మెట్లవైపు నుంచి చెక్కముక్క ఆనించి చిన్న సుత్తితో రెండు దెబ్బలు తగిలించగానే ఊడింది. పాత జిగురు గోకి శుభ్రం చేశాం. పాత ముక్కను పారేయలేదు. పొడవుకూ ఎత్తుకూ అదే నమూనా.

ఎముక పట్టీని బల్లమీద పరచిన ఉప్పు కాగితం మీద రుద్ది కొలతకు తెచ్చాం. అడుగు భాగం చదునుగా ఉండాలి. ముందు అంచు చెక్కకు సందు లేకుండా ఆనాలి. సున్నా గీత కదా!

తరవాత గాట్ల మధ్య దూరం. మొదటి తీగ నడిమి నుంచి ఆరో తీగ నడిమికి 35 మి.మీ. ఐదు సందులు కాబట్టి ఒక్కొక్కటి 7 మి.మీ. అని కుర్రవాడు చటుక్కున చెప్పాడు. అక్కడే ఉంది కిటుకు. లావు తీగలు ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. నడిమి దూరాలు సమానంగా పెడితే లావు తీగల మధ్య వేలికి చోటు తగ్గుతుంది. సమానంగా ఉండాల్సింది అంచు నుంచి అంచుకు ఉండే ఖాళీ. తీగల మందాలు తీసేస్తే మిగిలే ఖాళీ ఒక్కొక్కటి 6.4 మి.మీ. ఆ లెక్కన ఒకటి, రెండు తీగల నడిమి దూరం 6.7 మి.మీ. అయితే, ఐదు, ఆరు తీగల నడిమి దూరం 7.4 మి.మీ. కావాలి. స్క్రూగేజి కొలతలు ఇక్కడ అక్కరకు వచ్చాయి.

గాట్లు కోయడానికి నిపుణులు వాడే ఆకురాళ్లు చాలా ఖరీదు. గ్యాసు వెల్డింగు చేసేవారి దగ్గర నాజిలు రంధ్రాలు శుభ్రం చేసే సన్న ఆకురాళ్ల కట్ట ఉంటుంది. గుండుసూది లావు నుంచి రకరకాల సైజుల్లో గరుకు తీగలు. మా వీధి వెల్డింగు ఆయన ఒక పూటకు అరువిచ్చాడు. గాటు తీగకన్నా వెంట్రుకవాసి వెడల్పుండాలి. అంతకన్నా ఇరుకైతే తీగ ఇరుక్కుంటుంది, వెడల్పైతే పక్కలకు ఊగుతుంది.

గాటు కీలవైపు పల్లంగా వాలి ఉండాలి. తీగ ముందు అంచు దగ్గరే ఆని బయలుదేరాలి. వెనక ఎక్కడో ఆని, ముందు భాగాన్ని రాసుకుంటూ పోతే జరజరమంటుంది. చిత్రమేమిటంటే మన తంబురా, వీణలకు అందం తెచ్చేది ఇలాంటి రాపిడే! వాటి బ్రిడ్జి పైభాగం కొంచెం వంపుగా ఉంటుంది. తీగ దానిమీద ఒరుసుకుంటూ కంపించడం వల్ల ఎన్నో ఉపస్వరాలు పలుకుతాయి. సర్ సి.వి. రామన్ 1921లో దీన్ని పరిశోధించి వ్యాసం రాశారు. తంబురాకు అలంకారమైనది గిటారుకు లోపమయింది.

నా తప్పు

గాటు లోతుకు ఒక పద్ధతి ఉంది. మోటారు మెకానిక్కుల దగ్గర ఫీలర్ గేజి అనే సన్న రేకుల కట్ట ఉంటుంది. ప్రతి రేకు మీదా దాని మందం రాసి ఉంటుంది. మెట్టు ఎత్తు ఎంతో కొలిచి, దానికి సన్న తీగలకైతే 0.1 మి.మీ., లావు తీగలకైతే 0.2 మి.మీ. దాకా కలిపి, అంత మందం వచ్చేలా రేకులు పేర్చి నట్ ముందు చెక్కమీద ఆనించాలి. ఆకురాయి రేకును తాకగానే ఆపేయాలి. మా మెట్టు ఎత్తు 1 మి.మీ. కాబట్టి 1.1 నుంచి 1.2 మి.మీ. రేకులు పేర్చాం.

ఐదు గాట్లు చక్కగా వచ్చాయి. చీకటి పడుతోంది. ఆరోది ఒకటో తీగది. "రేకులు పెట్టడం ఎందుకురా, చెయ్యి అలవాటయింది" అని నేనే ఆకురాయి అందుకున్నాను. నాలుగు రుద్దులు ఎక్కువ పడ్డాయి. తీగ బిగించి మీటితే జర్ర్‌ర్ అంది. మొదటి మెట్టును తాకుతోంది!

ముప్ఫై ఏళ్లుగా 'కొలవకుండా ఏదీ చేయకండి' అని పిల్లలకు చెబుతున్న మాస్టారు చేసిన పని అది. కుర్రవాడు ఏమీ అనలేదు. వాడి మొహం చూడలేకపోయాను.

కాసేపటికి వాడే, "మాస్టారూ, అడుగు పూడ్చడానికి సోడా పనికొస్తుందన్నారు కదా?" అన్నాడు. నిజమే! ఇప్పుడు గాటుకు రెండువైపులా ఎముక గోడలున్నాయి. చిటికెడు సోడా, ఒక చుక్క జిగురు. అరగంట ఆగి, ఈసారి రేకులు పేర్చి, కుర్రవాడి చేతనే రుద్దించాను. వాడు రెండు రుద్దులకోసారి ఆగి చూసుకున్నాడు. నట్‌ను అతికించడానికి మాత్రం వడ్రంగులు వాడే తెల్లజిగురు రెండు చుక్కలే వేశాం. రేపు మళ్లీ తీయాల్సి వస్తే సులువుగా రావాలి కదా. తీగల బలమే దాన్ని నొక్కి పట్టుకుంటుంది.

ఆ సోడా పూడిక ఎముకంత గట్టిది కాదు. సన్నతీగ నెమ్మదిగా దాన్ని కోస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ పూడ్చుకోవాలి. ఆ సంగతి వాడికి చెప్పాను.

వార్షికోత్సవం నాడు వాడి వంతు వచ్చినప్పుడు నేను పాట వినలేదు. ఒకటో తీగ వైపే చూస్తూ కూర్చున్నాను. అది కదలలేదు. జరజరమనలేదు. మర్నాడు వాడు మరో ఇద్దరిని వెంటబెట్టుకుని సైన్సు గదికి వచ్చాడు. ఒకడి చేతిలో తీగ ఇరుక్కుంటున్న గిటారు, ఇంకొకడి చేతిలో ఊరికే పెన్సిలు!

పిల్లలూ, 'ఈ రకానికి రిపేరు దండగ' అనే మాట మీరూ చాలాసార్లు వింటారు. చవక వస్తువుకు కూడా అదే ప్రకృతి నియమం వర్తిస్తుంది. ఏ భాగం ఏ పని చేస్తుందో తెలుసుకున్నవాడికి అది బాగుచేయదగ్గదో కాదో తేల్చుకునే హక్కు వస్తుంది. ముందు తెలుసుకోండి, తరవాత తేల్చండి. మధ్యలో కొలవడం మాత్రం మరచిపోకండి. ఆ మాట నాకూ నేను చెప్పుకుంటున్నాను.

చేసి చూడండి

1. రాసుకునే కాగితాలు వంద పేర్చి, గట్టిగా నొక్కి, స్కేలుతో మందం కొలవండి. ఒక్క కాగితం మందం ఎంత? మూడో మెట్టు పరీక్షలో చెప్పిన సందుతో పోల్చండి.

2. చెక్కపలక మీద రెండు మేకులు కొట్టి సన్నని ఉక్కుతీగ బిగించండి. తీగ కింద రెండు పెన్సిళ్లు అడ్డంగా జొనిపి వాటి మధ్య దూరం సగానికి తగ్గించండి. స్వరం ఎలా మారింది?

3. నట్ ముందు అంచు ఉండాల్సిన చోటికన్నా ఒక మి.మీ. కీలవైపు జరిగిందనుకోండి. నొక్కకుండా మీటే తీగను సరిగ్గా శ్రుతి చేశాం. మెట్ల దగ్గర నొక్కినప్పుడు పలికే స్వరాలు హెచ్చుతాయా, తగ్గుతాయా? లెక్క కట్టి మీ సైన్సు మాస్టారికి చూపించండి.